రెండేళ్ల ఫ్లాష్‌కార్డులు నేర్పిన ‘పరేహ’

మాడ్రిడ్ వచ్చి రెండేళ్లయింది. అప్పటి నుంచి రోజూ పొద్దున టీ తాగుతూ ఇరవై నిమిషాలు ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో స్పానిష్ కార్డులు తిప్పుతున్నాను. కంప్యూటర్లో, ఆండ్రాయిడ్ ఫోన్లో ఉచితం, ఐఫోన్‌కైతే కొనుక్కోవాలి. యాప్ నమ్మకంగా పనిచేస్తుంది. అసలు సంగతల్లా కార్డు వెనక మనం ఏం రాసుకుంటామన్నదే. అది నాకు ఒకే ఒక్క మాటతో తెలిసొచ్చింది: పరేహ (pareja).

మొదట్లో ఎవరో తయారుచేసి పెట్టిన కార్డుల కట్ట డౌన్‌లోడ్ చేసుకున్నాను. అందులో ఈ మాట వెనక ‘కపుల్’ అని ఉంది, అంతే. కంఠతా వచ్చేసింది కూడా. ఓ రోజు లిఫ్ట్ దగ్గర పక్కింటావిడ “తు పరేహ తంబియేన్ ఎస్ దె లా ఇందియా?” అని అడిగింది. మీ కపుల్ కూడా ఇండియానేనా? అదేం ప్రశ్నో అర్థం కాక నిలబడిపోయాను. ఆవిడ అడిగింది మా ఆయన గురించి! పరేహ అంటే జంట, ఆ జంటలో ఒకరు కూడా. పైగా ఆ ఒకరు మగవాడైనా మాట స్త్రీలింగమే. ‘మి నువేవా పరేహ’ (నా కొత్త భాగస్వామి) అనాలి, పుంలింగ రూపం ‘నువేవో’ కుదరదు.

తర్వాత చెప్పుల షాపులో ‘ఉనా పరేహ దె సపాతోస్’ అన్నాను. షాపతను మర్యాదగా ‘ఉన్ పర్’ అని సరిదిద్దాడు. అలాగని వస్తువులకి పరేహ వాడరా అంటే, వాడతారు. వాషింగ్ మెషీన్‌లోంచి ఒక్క సాక్సే బయటికొస్తే, కనిపించని రెండోది దాని పరేహ.

ఆ సాక్సు పట్టుకునే ఆలోచించాను. ఇంగ్లీషు ఎందుకు మధ్యలో? మనకి జత ఉంది, జంట ఉంది, జోడు ఉంది. జత చెప్పులు అంటే పర్. కొత్త జంట అంటే పరేహ. “దీని జోడు ఏదీ?” అన్నా పరేహే. పాత కార్డు తీసేసి, ముందువైపు స్పానిష్ వాక్యం, వెనక తెలుగు మాటతో మూడు కార్డులు రాసుకున్నాను. మళ్లీ తడబడలేదు.

వాక్యాలు సరిచూసుకోవడానికి రియల్ అకాడెమియా ఎస్పాన్యోలా నిఘంటువు వాడతాను. స్పానిష్ భాష కోసం 1713లో పుట్టిన సంస్థ అది, నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితం. అర్థాలన్నీ స్పానిష్‌లోనే కాబట్టి మొదటి ఆరు నెలలు చాలా కష్టపడ్డాను. కానీ లింగం, వాడుక తేల్చుకోవాలంటే దాన్ని మించింది నాకు దొరకలేదు.

ఇబ్బందల్లా టైమే. ఒక్కో కార్డు రాసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది, ఆఫీసు పనితో అలసిపోయేవాళ్లకి కష్టం. ఉచ్చారణకి కూడా కార్డు చాలదు. మొదట నేను ‘పరేజ’ అని చదివాను. గొంతు గీరుకుంటూ వచ్చే ఆ ‘హ’ నాకు పట్టుబడింది సల్సా డాన్సు క్లాసులో, టీచర్ “కాంబియో దె పరేహ!” అని అరిచినప్పుడల్లా జోడీ మారుతూ మారుతూ.

బాగా వచ్చేసిన కార్డుల్ని యాప్ అరుదుగా చూపిస్తుంది కాబట్టి, పాతవి ఇప్పుడు ఏడు నెలలకోసారి పలకరిస్తాయి. పోయిన వారం ఒక ఫారం నింపుతుంటే కొత్తది తగిలింది: ‘పరేహ దె ఏచో’. పెళ్లి చేసుకోకుండా కలిసి ఉంటున్నామని రిజిస్టర్ చేయించుకున్న జంట. దీనికి మన దగ్గర ఒక్క మాటలో చెప్పే పేరు తట్టలేదు. ప్రస్తుతానికి వెనకవైపు ఈ వాక్యమే రాసి పెట్టాను.