ఆరేళ్లుగా పోస్ట్‌గ్రెస్ ఫంక్షన్లతో ఉల్లిగడ్డల లెక్క

కర్నూలు మార్కెట్ యార్డులో ఒక ఉల్లిగడ్డల మండీకి బిల్లుల సాఫ్ట్‌వేర్ రాసిచ్చి ఆరేళ్లయింది. క్వింటా ధర ఏరోజుకారోజు తేలుతుంది. హమాలీ, కాటా లాంటి ఖర్చుల రేట్లు మాత్రం ఒక టేబుల్లో ఉంటాయి. వాటిని చదివి రైతు చేతికి ఎంత రావాలో తేల్చే పని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులోని స్టోర్డ్ ఫంక్షన్లకు, అంటే డేటాబేసులోపలే ఉండి నడిచే చిన్న ప్రోగ్రాములకు, అప్పజెప్పాను.

కౌంటర్లో బిల్లు కొట్టినా, రైతు ఫోన్లో చూసుకున్నా లెక్క ఒక్కచోటే జరుగుతుంది కాబట్టి పైసా తేడా రాదు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఇక నా తలనొప్పి. వేగం కోసమని, రేట్లు చదివే ఫంక్షన్‌కి ఇమ్యూటబుల్ అని రాశాను. ఇన్‌పుట్ మారనంతకాలం జవాబూ మారదని డేటాబేసుకు మాటివ్వడమన్నమాట. హమాలీ రేటు పెరిగిన రోజు పొద్దున్నే టేబుల్లో మార్చేశాను. కాసేపటికి గుమాస్తా ఫోన్: "సార్, పాత లెక్కే పడుతోందని హమాలీలు గొడవ చేస్తున్నారు." టేబుల్లో చూస్తే కొత్త రేటే ఉంది! గంటసేపు ఒకటే టెన్షన్. చివరికి తేలిందేమంటే, ఇన్‌పుట్ స్థిరమైనదే కావడంతో డేటాబేసు ఆ క్వెరీని ఎలా నడపాలో ప్లాన్ వేసేటప్పుడే ఫంక్షన్‌ను ఒకసారి నడిపి, ఆ జవాబును ప్లాన్‌లో కలిపేసుకుంది. కనెక్షన్ తెరిచే ఉండటంతో ఆ పాత ప్లానే తిరుగుతోంది. యాప్ ఆపి మళ్లీ మొదలుపెడితే సరిపోయింది. తప్పు నాదే. టేబుల్ చదివి జవాబిచ్చే ఫంక్షన్‌కి స్టేబుల్ అని, అంటే ఒక క్వెరీ నడిచినంతసేపే జవాబు మారదని, రాయాలి. ఏమీ రాయకపోతే వోలటైల్, అంటే జవాబు ఎప్పుడైనా మారొచ్చని, అవుతుంది, కాస్త నెమ్మదైనా ఇలా మోసపోము.

ఇంకొకటి, ఫంక్షన్లో టేబుల్ వరుసను చదివి వేరియబుల్లో పెట్టే సెలెక్ట్ ఇంటూ. ఉల్లి రకం పేరు టేబుల్లో లేకపోతే ఎర్రర్ ఇవ్వదు, నల్ అనే ఖాళీ విలువ ఇచ్చి ఊరుకుంటుంది. అలా మొత్తం దగ్గర ఖాళీతో బిల్లులు అచ్చయ్యాయి. స్ట్రిక్ట్ అని ఒక్క మాట చేర్చాక, వరుస దొరక్కపోయినా, ఒకటికి మించి దొరికినా అక్కడే ఆగుతోంది.

సీజన్ మొత్తం రిపోర్టుకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ప్రతి వరుసకూ ఫంక్షన్ టేబుల్‌లోకి వెళ్లి వస్తుంటే, మనం టీ తాగొచ్చినా రిపోర్టు రాదు. అక్కడ ఫంక్షన్ తీసేసి, రెండు టేబుళ్లను ఒకే క్వెరీలో కలిపే జాయిన్ రాసుకున్నాను.

వేరే దుకాణానికి మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేసులో ఇదే చేయబోతే, అక్కడ ఫంక్షన్ ఒక్క విలువే తిప్పి ఇస్తుంది, వరుసలు కావాలంటే ప్రొసీజర్ అనే వేరే రకం ప్రోగ్రాము రాయాల్సిందే. పోస్ట్‌గ్రెస్‌లో ఫంక్షన్‌కి రిటర్న్స్ టేబుల్ అని రాస్తే చాలు, వరుసలే వస్తాయి. అలవాటుపడ్డ ప్రాణం, మండీకి ఇదే ఉంచాను.