డ్రై ట్యూనింగ్ అని చెప్పి వెట్ బాక్స్ అంటగట్టాడు, జాగ్రత్త

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, ఒళ్లు మండిపోతోంది. పాత బటన్ అకార్డియన్లు అమ్మే అతనెవరో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. నేను కొన్నది రెండు వరుసలు, 23 బటన్లు ఉన్న బి/సి బాక్స్ (బాక్స్ అంటే అకార్డియనే, ఒక వరుస బి శ్రుతి, రెండోది సి). ప్రకటనలో "డ్రై ట్యూనింగ్", అంటే అలలు లేని శుభ్రమైన శబ్దం, అని స్పష్టంగా ఉంది. నాకు కావాల్సిందీ అదే. ఫిడేలు పక్కన కూర్చుని వేగంగా వాయిస్తాను, ప్రతి స్వరం విడిగా వినపడాలి. క్లిప్ అడిగితే పంపాడు. ఎంత శుభ్రంగా ఉందో! నాలుగుసార్లు విని డబ్బు పంపాను.

బాక్స్ వచ్చింది. భుజానికి తగిలించుకుని ఎ స్వరం పట్టి బెల్లోస్ (గాలి తిత్తి) లాగాను. వా వా వా వా అని ఒకటే కొట్టుకోవడం. రికార్డు చేసి నెమ్మదిగా తిప్పి లెక్కపెట్టాను, సెకనుకు అయిదు అలలు. స్వరానికి రెండు రీడ్లు (గాలికి కంపించి మోగే లోహపు నాలుకలు) కదా, సెకనుకు ఎన్ని అలలో రెంటి మధ్య అన్ని హెర్ట్జ్ తేడా, అంటే ఒకటి 440 దగ్గర ఉంటే రెండోది 445 దగ్గర ఉందన్నమాట. దాదాపు 20 సెంట్ల తేడా (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు). డ్రై అంటే రెండూ ఒకే శ్రుతిలో ఉండాలి, మహా అయితే రెండు మూడు సెంట్లు అటూ ఇటూ. ఇంకాస్త ఎక్కువుండి స్వింగ్ (డ్రైకీ వెట్‌కీ మధ్యరకం) అన్నా సర్దుకుపోయేదాన్ని. ఇది అలలు బాగా కొట్టుకునే నిఖార్సైన వెట్.

అప్పుడు కనపడింది స్విచ్. అది వేస్తే ఒక రీడ్ ఆగిపోయి రెండోదే మోగుతుంది. వేసి చూశాను. క్లిప్‌లో విన్నది అచ్చం ఆ శబ్దమే! ఒక్క రీడ్ మోగుతుంటే అలలు ఎక్కడినుంచి వస్తాయి?

ఫోన్ చేసి అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఏ స్విచ్ మీద వాయించాలో మీరు చెప్పలేదు కదండీ." నేను మాట్లాడేలోపే, "డ్రై, వెట్ తేడా పట్టాలంటే చెవికి ఏళ్లు పడుతుంది లెండి" అని నవ్వాడు. ఆ నవ్వే మర్చిపోలేకపోతున్నాను. తేడా బాగా తెలుసు కాబట్టే ఆ స్విచ్ వేసి రికార్డు చేశాడు! వాపసు మాటెత్తితే ఫోన్ కట్ చేశాడు.

తప్పు నాదీ ఉంది. నాలుగుసార్లు విన్నదాన్ని, రెండు రీడ్లూ కలిపి వాయించి పంపమని ఒక్కసారి అడగలేకపోయాను.

వెట్ చెడ్డదని అనను. ఒంటరిగా వాల్ట్జ్ వాయిస్తే ఆ అలలే నిండుగా ఉంటాయి. కానీ నేను అడిగింది అది కాదు. రిపేరు చేసే ఆయన మార్చొచ్చు అన్నారు. బటన్‌కి బెల్లోస్ నొక్కితే ఒకటి, లాగితే ఒకటి చొప్పున శ్రుతి ఎక్కువున్న రీడ్లు 46, ఒక్కొక్కటీ రివెట్ వైపు (రీడ్‌ని బిగించిన చివర) గీకి శ్రుతి దించాలట. గీకిన లోహం మళ్లీ రాదు, ఆలోచించుకోమన్నారు.

మీరు కొనేటప్పుడు రీడ్లన్నీ మోగుతుండగా ఒకే స్వరం పది సెకన్లు పట్టిన క్లిప్ అడగండి. ఎన్ని సెంట్ల తేడానో రాసి పంపమనండి. పంపకపోతే ఆ బాక్స్ వదిలేయండి.