పెన్సిలు, కాగితం: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాది అమలాపురంలో ఫ్లెక్సీ డిజైన్ షాపు. ఫోటోషాప్ పట్టి పదకొండేళ్లు, కంప్యూటర్‌లో బొమ్మలు గీసే పెన్ టాబ్లెట్ కొని ఆరేళ్లు. పెన్సిలు మాత్రం నాలుగేళ్ల కిందటే పట్టాను. అదేంటి, తిరగేసి నేర్చుకున్నావా అంటే, అవును, తిరగేసే.

కారణం ఒక కొబ్బరిచెట్టు. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయిన బోర్డు ఆర్టిస్టు ఒకాయన ఓ రోజు షాపుకొచ్చి స్క్రీన్ వంక చూశారు.

"ఇదేం చెట్టు అబ్బాయ్?"

"కొబ్బరండి."

"కొబ్బరిచెట్టు ఎప్పుడైనా చూశావా?"

"కొబ్బరితోటలోనే పుట్టానండి మాస్టారూ."

"పుట్టావులే. చూశావా అని."

అది రెడీమేడ్ బ్రష్‌తో క్లిక్కులో దింపిన చెట్టు. ప్రతి మట్టా ఒకేలా వంగి ఉంది. మర్నాడు పెరట్లోకెళ్లి చూస్తే మొవ్వు దగ్గరవి నిటారుగా ఉన్నాయి, నడిమివి అడ్డంగా పరుచుకున్నాయి, ముదిరినవి మానుకి ఆనుకుని వేలాడుతున్నాయి. ఇది కంటపడడానికి నాకు 38 ఏళ్లు పట్టింది.

ఆయన దగ్గరే చేరాను. మొదటి ఆరు నెలలూ నరకం. వెళ్లిన రోజే రబ్బరు లాక్కున్నారు, తర్వాత పెన్సిలు కూడా లాక్కుని బాల్‌పెన్ ఇచ్చారు. తప్పు గీత అలాగే ఉండాలి, పక్కనే ఇంకోటి గీయాలి. ఎడమచెయ్యి అలవాటుగా, తప్పు గీతని రద్దుచేసే అన్‌డూ మీట కోసం బల్ల మీద తడుముకునేది. నవ్వొస్తుంది గానీ నిజం.

అప్పుడు బయటపడిందేమిటంటే, నా గీత ఎలా ఉంటుందో నాకే తెలీదు. టాబ్లెట్‌లో స్టెబిలైజర్ అని ఒకటుంటుంది, చెయ్యి వణికితే గీతని సాఫీ చేసి పెడుతుంది. నర్సాపురంలో పుట్టిన బాపుగారి గీతని దాంతోనే అనుకరించి ఎన్ని శుభలేఖలు వేశానో లెక్కలేదు. కాగితం మీద వేస్తే ఆ వంపులన్నీ కొక్కేల్లా తేలాయి. గీత ఎక్కడ లావవ్వాలో ఎక్కడ సన్నబడాలో చెయ్యి తెలుసుకోవాలి. నా చేతికి తెలీదు.

సామాను ఖర్చు పెద్దగా లేదు. హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ చాలు, అంకె పెరిగేకొద్దీ మెత్తన, నలుపూ ఎక్కువ. చాకుతో చెక్కుకుని ముల్లు పొడుగ్గా ఉంచితే పక్కకి వాల్చి షేడింగ్ చేయొచ్చు. ఒక కంపెనీ 6బీ మాత్రం లోపలే ముక్కలై ఉండేది, చెక్కేకొద్దీ రాలేది. ప్రాక్టీసుకి జిరాక్స్ కాగితం సరిపోతుంది. నీటిరంగులకి 300 జీఎస్ఎం మందపు కాగితం కొనాల్సిందే, పల్చనిది తడిస్తే అప్పడంలా లేస్తుంది.

ఇక లోపాలు. మన గాలిలో తేమ ఎక్కువ. శ్రావణంలో వేసిన వాష్ (పల్చని నీటిరంగు పూత) ఎంతకీ ఆరదు, తొందరపడి రెండో పూత వేస్తే కింది రంగు కూడా కదిలిపోతుంది. వేసవిలో అరచేతి చెమటకి షేడింగంతా అలుక్కుపోతుంది, చెయ్యి కింద తెల్లకాగితం ముక్క పెట్టుకోవాలి. ఒక స్కెచ్ పుస్తకం చెదలకి బలైంది. షాపు పనికైతే కుదరదు, సాయంత్రం ఫంక్షన్‌కి మధ్యాహ్నం ఫోటో మార్చమనే కస్టమర్‌కి పెన్సిలుతో ఏం చేసిపెడతాం!

డెల్టాలో ఒక సుఖముంది, పర్‌స్పెక్టివ్, అంటే దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నవిగా కనపడే తీరు, నేర్చుకోవడానికి కొండలు అడ్డురావు. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు తెచ్చే కాలవ తిన్నగా పోయేచోట నిలబడితే రెండు గట్లూ దూరాన ఒకే చుక్కలో కలుస్తాయి. గట్టు మీద నిలబడి చూస్తే చేను చాపలా పరుచుకుని ఉంటుంది. దిగి చేలో కూర్చుంటే అదే చేను సన్నని పట్టీ అయిపోతుంది. నేల, ఆకాశం కలిసే గీత ఎప్పుడూ మన కంటి ఎత్తులోనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఈ పర్‌స్పెక్టివ్ గీతల గళ్లు రెడీగా ఉంటాయి, ఏళ్లతరబడి వాడాను కూడా. ఎందుకలా ఉంటాయో గట్టు దిగినరోజు అర్థమైంది.

రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి మూడుసార్లు వెళ్లాను. 1897లో పుట్టి 1925లోనే పోయారాయన, 28 ఏళ్లు కూడా నిండలేదు. రంగుల బొమ్మల కంటే స్కెచ్‌ల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. చెయ్యి ఎక్కడ నొక్కిందో ఎక్కడ తేల్చిందో ఎదుట నిలబడితేనే తెలుస్తుంది, ఫోన్‌లో ఆ తేడా కనపడదు.

టాబ్లెట్ అమ్మేశానా? లేదు, అన్నం పెట్టేది అదే. కాకపోతే మొన్న ఒకాయన ఏఐతో చేయించుకున్న గోదావరి బొమ్మ తెచ్చి ఫ్లెక్సీ వేయమన్నాడు. పడవ నీడ ఎడమకి, మనుషుల నీడలు కుడికి పడ్డాయి. ఇదివరకైతే నేనూ గమనించకుండా ప్రింటుకి పంపేవాణ్ణి. ఆయనకి చూపిస్తే "ఎవడు చూస్తాడండీ" అన్నాడు. సరిచేసే ఇచ్చాను, డబ్బులేం ఎక్కువ అడగలేదు.

ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. ఒకటి తగ్గించింది వానాకాలానికి. నెలలో ఆర్టిస్టు అయిపోదామనుకునేవాళ్లు మాత్రం దీని జోలికి రావద్దు.

ప్రస్తుతం ఏడో పుస్తకంలో ఉన్నాను. ఆదివారం ఆదివారం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వైపు వెళ్లొస్తూ మనుషుల్ని గీస్తుంటాను. మనుషులు కాస్త వస్తున్నారు. సైకిళ్లే రావడం లేదు, చక్రం ఇంకా కోడిగుడ్డులాగే ఉంటోంది.