పోలీసులా, పంపేయడమా, టీమా: క్యాంపస్‌లో బెదిరింపు వస్తే ఏది మేలు?

రాత్రి పదకొండు దాటాక ప్రొఫెసర్‌కి ఒక విద్యార్థి నుంచి మెయిల్ వచ్చిందనుకుందాం. మార్కుల మీద ఫిర్యాదుతో మొదలై, "నా జీవితం నాశనం చేశారు, దీనికి జవాబు చెప్పుకునే రోజు వస్తుంది" అంటూ ముగుస్తుంది. అది బెదిరింపా, కడుపుమంటా, లేక బతుకు మీద ఆశ వదులుకున్నవాడి మాటా? ఆ ఒక్క వాక్యం చూసి తేల్చడం ఎవరి తరమూ కాదు. తెల్లారాక ఆ మెయిల్ ఎవరి చేతికి వెళ్తుందో దాన్ని బట్టే తర్వాతి కథ నడుస్తుంది.

అమెరికా యూనివర్సిటీల్లో దానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. క్యాంపస్ పోలీసులకు చెప్పడం ఒకటి. క్రమశిక్షణ విభాగం ద్వారా సస్పెండ్ చేసి పంపేయడం రెండోది. బెదిరింపు వెనక నిజంగా ఎంత ప్రమాదముందో అంచనా వేసే థ్రెట్ అసెస్‌మెంట్ టీమ్ ముందు పెట్టడం మూడోది. నేను మూడోదాని వైపే మొగ్గుతాను. అయితే ఒక షరతుంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

పోలీసుల సంగతి ముందు చూద్దాం. చేతిలో ఆయుధం ఉందన్నా, ఇప్పుడే వస్తున్నానన్నా ఇంక ఆలోచించేదేమీ లేదు, అత్యవసర నంబర్ 911కి ఫోన్ చేయాల్సిందే. కానీ పై మెయిల్ లాంటిది వెళ్తే పోలీసు అడిగే మొదటి ప్రశ్న, నేరం జరిగిందా అని. ఆ మెయిల్‌తో కేసు నిలబడటం కష్టం. ఆఫీసర్ వెళ్లి తలుపు తడతాడు. కుర్రాడు "కోపంలో రాశాను సార్, సారీ" అంటాడు. రిపోర్ట్ రాసుకుని ఆఫీసర్ వెళ్లిపోతాడు. తర్వాత ఆ కుర్రాడి సంగతి పట్టించుకోవడం ఎవరి పనీ కాదు.

బెదిరింపులను అంచనా వేసే ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన కేసు ఇలాంటిదే. 1969లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో ప్రసేన్‌జిత్ పొద్దార్ అనే భారతీయ విద్యార్థి, తనను కాదన్న అమ్మాయిని చంపుతానని యూనివర్సిటీ సైకాలజిస్టుతో చెప్పాడు. ఆయన ఊరుకోలేదు, క్యాంపస్ పోలీసులకు చెప్పాడు, ఉత్తరం కూడా రాశాడు. పోలీసులు పొద్దార్‌ను పట్టుకుని మాట్లాడారు. మామూలుగానే కనిపించాడు, ఆమె జోలికి పోనని మాటిచ్చాడు, వదిలేశారు. ఆ అమ్మాయికి గానీ, ఇంట్లోవాళ్లకు గానీ ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. అక్టోబర్ 27న ఆ అమ్మాయి, టటియానా తారసాఫ్, అతని చేతిలో చనిపోయింది. ప్రమాదంలో ఉన్న వ్యక్తిని కాపాడే బాధ్యత చికిత్స చేసేవాళ్ల మీద ఉంటుందని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది ఈ కేసులోనే. పోలీసులు ఆ రోజు ఏం కనిపించిందో అది చూశారు. రేపటిని చూసే ఏర్పాటు వాళ్ల దగ్గర లేదు.

రెండో దారి భయపడ్డవాళ్లకు వెంటనే ఊరట ఇస్తుంది. మనిషిని పంపేశాం, గేటు దాటకూడదని నోటీసు ఇచ్చాం, గండం గడిచింది అనిపిస్తుంది. 2022 అక్టోబర్‌లో అరిజోనా యూనివర్సిటీలో ప్రొఫెసర్ థామస్ మైక్స్‌నర్‌ను కాల్చిన మాజీ విద్యార్థికి అప్పటికే క్యాంపస్‌లో అడుగుపెట్టకూడదన్న ఆదేశం ఉంది. కాగితం మనిషిని ఆపలేదు. పంపేసిన రోజున అతనికి ఏమేం పోతాయో లెక్క వేయండి: హాస్టల్ గది, స్నేహితులు, కౌన్సెలర్, చదువు మీద పెట్టుకున్న ఆశ. అప్పటిదాకా అతన్ని పట్టి ఉంచినవి అవే. కక్ష మాత్రం అతనితోనే ఉంటుంది. పైగా ఇక ఎవరి కంటికీ కనపడడు.

మనవాళ్లకు ఇందులో ఇంకో చిక్కుంది. ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్లను సస్పెండ్ చేస్తే దేశంలో ఉండే హక్కుకే ఎసరు వస్తుంది. ఫిర్యాదు చేస్తే వాడిని ఇంటికి పంపేస్తారని తెలిస్తే రూమ్మేట్ నోరు విప్పడు. వాడి అమ్మానాన్న చేసిన అప్పు కళ్లముందు కనిపిస్తుంది. అందరికంటే ముందు తెలిసేది ఆ రూమ్మేట్‌కే. శిక్ష ఒక్కటే దారిగా ఉన్నచోట వార్త బయటికి రాదు, ఆ దారిలో నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా కనిపించేది ఇదే.

ఇక టీమ్. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి 32 మందిని కాల్చి చంపాడు. గవర్నర్ నియమించిన ప్యానెల్ తవ్వితే, ముక్కలన్నీ ముందే ఉన్నాయని తేలింది. ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్‌కు అతని రాతల భయం తెలుసు. పోలీసులకు అమ్మాయిల ఫిర్యాదులు తెలుసు. 2005 డిసెంబర్‌లో కోర్టు చికిత్స తీసుకోమని ఆదేశించింది. ఈ ముక్కలను ఒక్కచోట పేర్చినవాళ్లు లేరు. గోప్యత చట్టం ఒప్పుకోదేమోనని చాలామంది వెనకాడారు. నిజానికి ప్రాణాపాయం ఉన్నప్పుడు సమాచారం పంచుకోవడానికి ఫెర్పా అనే ఆ విద్యార్థి గోప్యత చట్టం అనుమతిస్తుంది. ప్రొఫెసర్ కళ్లారా చూసినదానికైతే ఆ చట్టం అసలు అడ్డే కాదు, అది రికార్డులకు సంబంధించింది. మరుసటి ఏడాదే వర్జీనియా రాష్ట్రం తన ప్రభుత్వ కాలేజీలన్నిటిలో ఈ టీమ్‌లను తప్పనిసరి చేసింది.

టీమ్‌లో డీన్ ఆఫీసు, పోలీసు, కౌన్సెలింగ్, హాస్టల్, లాయర్ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. కౌన్సెలర్ తన పేషెంట్ చెప్పింది మామూలుగా బయటపెట్టలేడు, కానీ మిగతావాళ్లు చెప్పింది విని సలహా ఇవ్వగలడు. బెదిరించినవాళ్లందరూ ప్రమాదం కాదు, ప్రమాదమైనవాళ్లందరూ బెదిరించరు అన్నదే ఈ పనికి పునాది. స్కూళ్లలో జరిగిన 37 దాడులను అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి పరిశీలించి 2002లో ఇచ్చిన నివేదిక ప్రకారం, దాడి చేసినవాళ్లలో ఎక్కువమంది లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లను ముందుగా నేరుగా బెదిరించలేదు. కానీ 81 శాతం ఘటనల్లో కనీసం ఒకరికి ముందే ఏదో తెలుసు. అందుకే టీమ్ మాటల కంటే నడతను చూస్తుంది. కక్ష ఎవరి మీద? ఆయుధం దొరికే వీలుందా? ఏమైనా సన్నాహాలు చేస్తున్నాడా? తిండి, నిద్ర, క్లాసులు ఎలా ఉన్నాయి? ఎవరి మాట వింటాడు? నా దృష్టిలో ఆ చివరి ప్రశ్న అన్నిటికంటే విలువైనది.

టీమ్ ఉంటే చాలా? చాలదు. వర్జీనియా టెక్‌లో కాల్పుల నాటికే ఇబ్బందుల్లో ఉన్న విద్యార్థుల సంగతి చూసే కేర్ టీమ్ అనేది ఉంది. 2022లో వర్జీనియా యూనివర్సిటీలో ఒక విద్యార్థి దగ్గర తుపాకీ ఉందన్న మాట సెప్టెంబర్‌లోనే టీమ్ దాకా వచ్చింది. నవంబర్ 13న అతను ముగ్గురు ఫుట్‌బాల్ ఆటగాళ్లను కాల్చి చంపాడు. నా షరతు ఇక్కడి నుంచే పుట్టింది. ప్రతి ఫైలుకూ ఒక్క మనిషి బాధ్యుడుగా ఉండాలి, అదే అతని పూర్తికాల ఉద్యోగం కావాలి. కమిటీ కాదు, కేస్ మేనేజర్. విద్యార్థి కలవడానికి ఒప్పుకోకపోతే తర్వాత ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో నిర్ణయించే అధికారం ఆ మేనేజర్‌కి ఉండాలి. విద్యార్థిని పంపేయాల్సి వచ్చినా, వెంటపడి వేధించే కేసుల్లో అది తప్పదు, ఫైలు మూయకూడదు. అతను ఎక్కడున్నాడో కనుక్కుంటుండాలి, లక్ష్యంగా ఉన్న మనిషికి ఎప్పటికప్పుడు చెబుతుండాలి. ఈ షరతు తీరని టీమ్ వారానికోసారి జరిగే మీటింగ్ మాత్రమే. అలాంటిచోట నేనైతే మెయిల్‌ను పోలీసులకు కూడా పంపి, కాపీ దాచుకుంటాను.

షరతు తీరినచోట ఆ మెయిల్ కథ ఇలా నడుస్తుంది. పొద్దున్నే కేస్ మేనేజర్ ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి, జవాబు రాయవద్దని, మెయిల్ చెరపవద్దని చెబుతుంది. హాస్టల్‌లో, మిగతా క్లాసుల్లో వాకబు చేస్తుంది. రెండు వారాలుగా క్లాసుకు రావట్లేదని, తుపాకీ మాట ఎక్కడా లేదని తెలుస్తుంది. మధ్యాహ్నం అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి, మెయిల్ ఊసెత్తకుండా, "రాత్రి నిద్రపోయావా?" అని అడుగుతుంది. అతను లేదంటాడు. ఇద్దరూ గంటసేపు మాట్లాడతారు. సాయంత్రం ఆమె ప్రొఫెసర్‌కి మళ్లీ ఫోన్ చేస్తుంది. ఫైలు మీద వచ్చే మంగళవారం తేదీ వేస్తుంది.