జన్యు పరీక్ష ముందా, కాక్లియర్ ఇంప్లాంట్ ముందా: ఏది మేలు?

బేరా టెస్టులో (శబ్దానికి వినికిడి నరం, మెదడు స్పందిస్తున్నాయా అని చూసే పరీక్ష) పాపకు రెండు చెవులూ వినపడవని తేలగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. వెంటనే కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం, పెట్టించేయమని ఒకరంటారు. కారణం తెలియకుండా ఆపరేషన్ ఏంటి, ముందు జన్యు పరీక్ష చేయించమని ఇంకొకరంటారు. నన్నడిగితే, రక్తం శాంపిల్ ఇవాళే పంపండి, ఆపరేషన్ ఏర్పాట్లు కూడా ఇవాళే మొదలుపెట్టండి. రిపోర్టు కోసం మాత్రం తేదీ వాయిదా వేయొద్దు.

పుట్టుచెవుడులో సగానికి పైగా జన్యువుల వల్ల వచ్చేదే. అందులో అందరికంటే ఎక్కువగా కనిపించే పేరు జీజేబీ2. లోపలి చెవిలో పొటాషియం సరిగా తిరిగేలా చూసే కనెక్సిన్ 26 అనే ప్రొటీన్‌ను తయారుచేసేది ఈ జన్యువే. అది పాడైతే శబ్దాన్ని పట్టే కేశకణాలు పనిచేయవు, వినికిడి నరం మాత్రం చాలావరకు బాగానే ఉంటుంది. ఇంప్లాంట్‌కు కావలసింది ఆ నరమే. కేశకణాలతో పనిలేకుండా ఎలక్ట్రోడ్లు నేరుగా నరాన్నే తట్టిలేపుతాయి. అందుకే ఈ పిల్లల్లో చాలామందికి మాటలు బాగా వస్తాయి. ఇలాంటి పాపకు రిపోర్టు కోసం నెలల తరబడి ఆగితే పోయేది మాటలు నేర్చుకునే వయసే.

పరీక్ష చేయించేటప్పుడు ఒక్కటి అడగండి. జీజేబీ2లో ఐరోపాలో ఎక్కువగా ఉండే మార్పు 35డెల్‌జీ, మన దేశంలో డబ్ల్యూ24ఎక్స్. జన్యువు మొత్తం చదివే పరీక్షేనా, ఒకటి రెండు మార్పులే వెతుకుతారా అన్నది ముందే తెలుసుకోవాలి.

రిపోర్టు నిజంగా దారి మార్చేది ఓటీఓఎఫ్ అనే ఇంకో జన్యువు విషయంలో. ఇక్కడ కేశకణాలు బతికే ఉంటాయి, కానీ అవి పట్టిన శబ్దం నరానికి అందదు. అందుకే కేశకణాల స్పందనను మాత్రమే చూసే, పుట్టగానే చేసే ఓఏఈ పరీక్షలో పాప పాసైపోతుంది, బేరాలో మాత్రం ఏమీ రాదు. 'అప్పుడు బాగుందన్నారు కదా' అని తల్లిదండ్రులు అయోమయపడేది ఇక్కడే. వీళ్లకు ఇంప్లాంట్ బాగా పనిచేస్తుంది. జన్యు చికిత్స కూడా వచ్చింది. షాంఘైలోని ఫుడాన్ యూనివర్సిటీ ఆసుపత్రిలో ఆరుగురు పిల్లలకు ఇస్తే ఐదుగురికి వినికిడి మెరుగుపడిందని 2024 జనవరిలో ప్రకటించారు. ఓటీఓఎఫ్ పెద్ద జన్యువు, మోసుకెళ్లే వైరస్‌లో పట్టదు, కాబట్టి రెండు ముక్కలుగా పంపారు. ఇంప్లాంట్‌కు దశాబ్దాల అనుభవం ఉంది, దీనికి కొన్నేళ్లదే. జన్యు చికిత్స ఇప్పుడే అందే దారి లేకపోతే నేను ఇంప్లాంట్ వైపే ఉంటాను. ముందుముందు జన్యు చికిత్స కోసం రెండో చెవిని అలాగే ఉంచాలా అన్నది సర్జన్‌తో కూర్చుని మాట్లాడాల్సిన మాట.

నరమే సన్నగా ఉంటే ఫలితం తగ్గుతుంది, అది చెప్పేది ఎంఆర్‌ఐ. టీఎంపీఆర్‌ఎస్‌ఎస్3 అనే జన్యువు ఉన్నవాళ్లలో ఇంప్లాంట్ ఎంత పనిచేస్తుందన్నదానిపై అధ్యయనాలు ఒక మాట మీద లేవు. ఈసీజీ మాత్రం ఏ రిపోర్టు కోసమూ ఆగకుండా, మత్తు ఇచ్చే ముందే తీయించాలి. జెర్వెల్ లాంగ్ నీల్సన్ సిండ్రోమ్‌లో చెవుడుతో పాటు గుండె లయ కూడా తప్పుతుంది, ప్రాణాపాయం.

జన్యువు ఒకటే అయినా ఇద్దరు పిల్లల మాట ఒకేలా రాదు. థెరపీ గదిలో పాప వెనక నిలబడి, పెదాలు కనపడకుండా 'ఆ, ఊ, ఈ, మ్, ష్, స్' అంటాం. విన్న ప్రతిసారీ పాప ఒక రింగును కర్రకు తొడగాలి. 'ఆ' తొందరగా పడుతుంది, 'స్' దగ్గర చెయ్యి ఆగిపోతుంది. అప్పుడు మళ్లీ మ్యాపింగ్ (ఇంప్లాంట్ సెట్టింగులు సరిచేయడం), మళ్లీ సాధన. ఎంత చిన్న వయసులో ఇంప్లాంట్ పెట్టారు, ఇంట్లో రోజూ ఎంతసేపు మాట్లాడిస్తున్నారు అన్నవే మాటను ఎక్కువగా తేలుస్తాయి. దివ్యాంగులకు సహాయ పరికరాలు ఇచ్చే కేంద్రం ఏడీఐపీ పథకంలోనూ పుట్టుచెవుడు పిల్లల ఇంప్లాంట్‌కు ఐదేళ్ల హద్దు ఉంది.

ఆపరేషన్ అయిపోయాక రిపోర్టు వచ్చినా దాన్ని పక్కన పడేయకండి. జీజేబీ2, ఓటీఓఎఫ్ చెవుడు తల్లిదండ్రులిద్దరి నుంచీ రావాలి. ఇద్దరూ క్యారియర్లయితే, అంటే తమకు చెవుడు లేకపోయినా ఆ మార్పును మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు చెవుడు వచ్చేందుకు 25 శాతం అవకాశం. మేనరికాలున్న ఇళ్లలో ఇది ఇంకా ముఖ్యం. ఓటీఓఎఫ్ అని తేలిన ఇంట్లో తర్వాతి బిడ్డకు ఓఏఈతో సరిపెట్టకుండా బేరా కూడా చేయించండి.