డబ్ల్యూడీపీ-4డీ: రెండు క్యాబ్‌ల డీజిల్ లోకోపై ఓ రైల్‌ఫ్యాన్ సమీక్ష

వికారంగా ఉండే లోకోల (రైలును లాగే ఇంజిన్ బండ్ల) ప్రస్తావన వస్తే నేను ముందు చెప్పే పేరు డబ్ల్యూడీపీ-4డీ, ప్యాసింజర్ రైళ్లను లాగే మన డీజిల్ లోకో. గుంతకల్లు, ధర్మవరం, కాచిగూడ వైపు ఈ లోకోల్ని ఏళ్ల తరబడి చూసి, ఫొటోలు తీసిన అనుభవంతో రాస్తున్న సమీక్ష ఇది. బండి అందంగా లేదు. అయితే ఆ వికారానికి గట్టి కారణం ఉంది. అది తెలిశాక దీన్ని తీసిపారేయలేం.

ముందు ఆకారం సంగతి. ఇంజిన్ ఉండే గది, అంటే హుడ్, సన్నగా ఉంటుంది. దానికి రెండు పక్కలా సిబ్బంది నడిచే బాట, బాటకు రెయిలింగు. రెండు చివర్లా ఉన్న క్యాబ్‌లు, అంటే బండి నడిపేవాళ్ల గదులు మాత్రం బండి పూర్తి వెడల్పుతో ఉంటాయి. ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీంచి చూస్తే అచ్చం డమరుకమే. ఎదురుగా నిలబడితే మొహంలో అద్దాల కంటే రేకే ఎక్కువ కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే చికాకు కలిగించేది క్యాబ్, హుడ్ కలిసే చోటు. క్యాబ్ గోడ మీద సాఫీగా వచ్చిన రంగుగీత అక్కడ తెగిపోతుంది. హుడ్ లోపలికి జరిగి ఉండటంతో, ఏటవాలుగా చూసినప్పుడు అదే గీత ఇంకెక్కడినుంచో మొదలైనట్టుంటుంది. ఏ షెడ్ (లోకోల బాగోగులు చూసే చోటు) ఏ లివరీ, అంటే రంగుల డిజైన్ వేసినా ఈ అతుకు దాగదు.

ఇలా ఎందుకు తయారైందో తెలియాలంటే దీని పూర్వీకుల దగ్గరికి వెళ్లాలి. 2001లో వచ్చిన డబ్ల్యూడీపీ-4 అమెరికా ఈఎండీ కంపెనీ డిజైన్. 16 సిలిండర్ల ‘710’ రకం ఇంజిన్, 4000 హార్స్‌పవర్, క్యాబ్ ఒక్కటే. అమెరికాలో లోకోల్ని జతలుగా, గుంపులుగా కలిపి నడుపుతారు కాబట్టి అక్కడ ఒక్క క్యాబ్ సరిపోతుంది. మన గూడ్స్ బండ్లకూ అదే ఉపాయం పనికొచ్చింది. రెండు డబ్ల్యూడీజీ-4లను (ఒక్క క్యాబ్ గూడ్స్ లోకోలు) వీపులు కలిపి జోడిస్తే ఎటు వెళ్లినా ముందు క్యాబే ఉంటుంది. ప్యాసింజర్ బండికి ఒక్క లోకో చాలు, రెండోది దండగ. చివరి స్టేషన్‌లో లోకోను తిప్పే వీలు లేకపోతే తిరుగు ప్రయాణం లాంగ్ హుడ్, అంటే క్యాబ్ లేని పొడవాటి ఇంజిన్ భాగం ముందుకు పెట్టుకునే చేయాలి.

లాంగ్ హుడ్ ముందుంటే ఇబ్బంది లోకో పైలట్ చూపుకు. మన దగ్గర ఆయన కూర్చునేది ఎడమవైపు. పట్టాలు ఎడమకు తిరిగితే కొంత కనిపిస్తాయి. కుడికి తిరిగితే హుడ్ పూర్తిగా అడ్డం వస్తుంది, అప్పుడు సిగ్నల్ చూసి చెప్పాల్సింది కుడివైపున్న అసిస్టెంటే. లెవెల్ క్రాసింగ్ దగ్గర పట్టాల మీదికి ఎవరైనా వచ్చినా, హుడ్ చాటున ఉన్నంతసేపు కనపడరు. పాత ఆల్కోలతోనూ (అమెరికా ఆల్కో కంపెనీ డిజైన్ డీజిళ్లు) ఈ బాధ ఉన్నా, ఈఎండీ హుడ్ పొడవుగా, ఎత్తుగా ఉండటంతో ఇంకా ఎక్కువైంది.

డబ్ల్యూడీపీ-4కి ఇంకో లోపం కూడా ఉండేది. ఆరు ఇరుసుల్లో నాలుగింటికే మోటార్లు. బరువైన రేక్‌తో (పెట్టెల వరసతో), తడి పట్టాల మీద బయల్దేరేటప్పుడు చక్రాలు జారేవి. తర్వాత వచ్చిన డబ్ల్యూడీపీ-4బీలో ఆరు ఇరుసులకూ మోటార్లు పెట్టి, 4500 హార్స్‌పవర్‌కు పెంచి దాన్ని సరిచేశారు. ఆ 4బీకే వారణాసిలోని లోకో ఫ్యాక్టరీ డీఎల్‌డబ్ల్యూలో రెండో చివర క్యాబ్ కట్టారు. అదే 4డీ. అంటే మొదటినుంచీ రెండు క్యాబ్‌లకని గీసిన బండి కాదిది. ఆ వికారమంతా ఇక్కడే మొదలైంది.

ఈఎండీ అమరికలో క్యాబ్ వెనక కరెంటు సామాన్లు, తర్వాత ఆల్టర్నేటర్, ఇంజిన్, చివర రేడియేటర్లు. కొత్త క్యాబ్ వచ్చి చేరింది ఆ రేడియేటర్ల పక్కన. పెద్ద ఫ్యాన్ల మోత, వేడిగాలి పక్కనే పెట్టుకుని డ్యూటీ చేయడం తేలిక కాదు. అందానికి నేను పదికి నాలుగు మార్కులే వేసినా పనికి ఎనిమిది వేస్తాను. తగ్గించిన రెండూ ఆ రెండో క్యాబ్‌కే. తిప్పే పని లేకుండా రెండు వైపులా దారి స్పష్టంగా కనపడటం ముందు ఇంకే లోపమైనా చిన్నదే.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ డబ్ల్యూడీపీ-3ఏ. 1998 నుంచి వచ్చిన ఈ 3100 హార్స్‌పవర్ ఆల్కోను మొదట డబ్ల్యూడీపీ-2 అనేవారు. రైల్‌ఫ్యాన్లు పెట్టిన పేరు ‘టోస్టర్’. ఆ వెక్కిరింతతో నేను ఏకీభవించను. పూర్తి వెడల్పు బాడీ, రెండు చివర్లా క్యాబ్‌లు, ఎక్కడా అతుకు కనపడదు. మన డీజిళ్లలో మొత్తంగా ఒక్క చేత్తో గీసినట్టున్నది ఇదే. దీని చిక్కు మెయింటెనెన్స్‌లో వచ్చింది. హుడ్ లోకోకైతే బాట మీద నిలబడి తలుపు తెరిస్తే ఇంజిన్ చేతికందుతుంది. ఇక్కడ బాడీ లోపలి ఇరుకు సందులో దూరి పని చేయాలి. ఆల్కో ఇంజిన్‌కు మాటిమాటికీ చెయ్యి తగలాల్సిందే కాబట్టి అది పెద్ద తలనొప్పే. తయారైనవి 44 మాత్రమే.

అతుకు విషయంలో 4డీని మించింది మాత్రం డీజిల్‌ను ఎలక్ట్రిక్‌గా మార్చిన జంట లోకో. డీఎల్‌డబ్ల్యూలో 69 రోజుల్లో రెండు డబ్ల్యూడీజీ-3ఏలను (ఆల్కో గూడ్స్ డీజిళ్లు) కలిపి 10,000 హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ చేశారు. 2019 ఫిబ్రవరిలో ప్రధాని వారణాసిలో జెండా ఊపారు. ఇంజనీరింగ్‌గా మెచ్చుకోవాల్సిన పనే. కానీ ఆల్కో శరీరం మీద పాంటోగ్రాఫ్, అంటే పైతీగనుంచి కరెంటు తీసుకునే చట్రం కనపడితే కంటికి ఎక్కడా పొసగదు.

ఎలక్ట్రిక్‌లలో డబ్ల్యూఏపీ-7 మొహం చదును. గూడ్స్ లాగే డబ్ల్యూఏజీ-9 బాడీనే తీసుకుని గేర్ నిష్పత్తి మార్చి చేసిన ప్యాసింజర్ లోకో కాబట్టి ఆ మొహమూ దానిదే. సికింద్రాబాద్ లాలాగూడ షెడ్ లోకోలు రోజూ కళ్లముందు తిరుగుతుండటంతో మనకు అలవాటైపోయింది. కొలతలు కుదిరిన బండి, వికారం అనలేను. అమృత్ భారత్ రైళ్లకు వాడే కోసుముక్కు డబ్ల్యూఏపీ-5 ముందునుంచి చూడముచ్చటగా ఉంటుంది. రాజమండ్రి, విజయవాడ మీదుగా వెళ్లే మాల్దా టౌన్–బెంగళూరు బండికి రెండు చివర్లా ఇదే.

4డీని ఫొటో తీయాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఎదురుగా తీయకండి. దూరపు లెన్స్ లోతును నొక్కేయడంతో హుడ్ మాయమై మొహం ఒక్కటే మిగులుతుంది. ఈ బండిలో అతి బలహీనమైన భాగం అదే. 50 నుంచి 85 మధ్య లెన్స్‌తో, కొంచెం పక్కకు జరిగి, మొహంతో పాటు హుడ్ పొడవంతా వచ్చేలా తీయండి. కెమెరా ప్లాట్‌ఫాం మీద కంటి ఎత్తున ఉండాలి. కింద నేల మీంచి తీస్తే మొహం ఇంకా ఉబ్బుతుంది. మధ్యాహ్నం ఎండలో క్యాబ్ నీడ, రెయిలింగ్ నీడ హుడ్ మీద పడి గీతలు గీతలుగా వస్తాయి. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య పక్కనుంచి పడే వెలుగు హుడ్ గోడ దాకా చేరుతుంది.