టెలిస్కోప్ కొన్న నవాబు, చుక్కలు కొలిచినవాళ్లు: గీక్ మేలా, నర్డ్ మేలా?

మా అక్క పిల్లలిద్దరికీ ఆకాశం పిచ్చి. సెలవులకు మా ఇంటికి వస్తే చీకటి పడగానే డాబా ఎక్కేస్తారు. ఏ టెలిస్కోప్ అద్దం ఎన్ని అంగుళాల వెడల్పు, ఏ ఐపీస్ (కంటి దగ్గర బిగించే చిన్న కటకం) పెడితే శనిగ్రహం వలయం విడిగా కనిపిస్తుంది, ఏ స్టాండు గాలికి ఊగదు, అన్నీ మా మేనకోడలికి నోటికి వచ్చు. మేనల్లుడికి అవేవీ పట్టవు. ఉన్నదాంట్లోంచే గురుగ్రహాన్ని చూసి, దాని పెద్ద చందమామలు నాలుగూ ఆ రాత్రి ఏ పక్కన ఎంత దూరంలో ఉన్నాయో నోటుబుక్కులో చుక్కలు పెట్టుకుంటాడు. మర్నాడు మళ్లీ చూస్తాడు. మబ్బు పడితే తేదీ వేసి 'మబ్బు' అని రాస్తాడు.

ఏదో ఒకదాని పిచ్చిలో మునిగిపోయేవాళ్లను ఇంగ్లీషులో గీక్ అనీ నర్డ్ అనీ అంటారు. ఇంట్లో అందరూ ఇద్దర్నీ కలిపి 'నర్డ్స్' అంటారు. నా దృష్టిలో అమ్మాయి గీక్, అబ్బాయి నర్డ్. ఈ తేడా తెలిస్తే పిల్లల్ని మనం ఇంకొంచెం బాగా అర్థం చేసుకుంటాం.

రెండూ అమెరికాలో తిట్లుగా పెరిగిన మాటలే. గీక్ అంటే పాతకాలంలో వెర్రివాడు. అక్కడి ఊరూరా తిరిగే ప్రదర్శనల్లో బతికున్న కోడి తల కొరికి జనాన్ని అదరగొట్టేవాణ్ని కూడా గీక్ అనేవారు. నర్డ్ అనే మాట అచ్చులో మొదట కనిపించేది 1950లో, అమెరికా రచయిత డాక్టర్ స్యూస్ రాసిన పిల్లల పుస్తకంలో, ఒక వింత జంతువు పేరుగా. మరుసటి ఏడాదే, డెట్రాయిట్ కుర్రాళ్లు చప్పగా ఉండేవాణ్ని నర్డ్ అంటున్నారని న్యూస్‌వీక్ పత్రిక రాసింది. కంప్యూటర్లు వచ్చి, వాటి చుట్టూ డబ్బు చేరాక రెండు మాటలకూ గౌరవం వచ్చింది. 2013లో కాలిన్స్ నిఘంటువు గీక్‌నే ఆ ఏటి మాటగా ఎంచుకుంది. మన బీటెక్ పిల్లలైతే ఇంటర్వ్యూల ముందు 'గీక్స్‌ఫర్‌గీక్స్' అనే వెబ్‌సైట్‌లో కోడింగ్ లెక్కలు చేస్తూ ఆ మాటను రోజూ చూస్తూనే ఉంటారు.

అదే 2013లో బర్ సెటిల్స్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ట్విట్టర్‌లో జనం ఈ రెండు మాటల పక్కన ఇంకే మాటలు వాడుతున్నారో లెక్కగట్టి చూశాడు. గీక్ పక్కన వస్తువులు, సేకరణలు, కొత్త మోజులు ఎక్కువ కనిపించాయి. నర్డ్ పక్కన చదువు, శాస్త్రాలు, సాధన కనిపించాయి. నాకు ఇదే సరైన గీత అనిపిస్తుంది. గీక్‌కి ఆ వస్తువు మీద ప్రేమ, నర్డ్‌కి ఆ పని మీద ప్రేమ.

ఈ రెండు ప్రేమలనూ పక్కపక్కన చూడాలంటే మన హైదరాబాద్ చరిత్రే చాలు. 1901 ప్రాంతంలో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి, ఫిసల్‌బండలోని తన స్థలంలో వేధశాల (ఆకాశాన్ని పరిశీలించే చోటు) పెట్టుకున్నాడు. దానికి నిజాం పేరు మీద నిజామియా అని పేరు పెట్టాడు. ఎవరూ చెయ్యమని చెప్పలేదు, దాంతో ఆయనకు కలిసొచ్చేదీ ఏమీ లేదు. ఆకాశం అంటే మనసు పడ్డాడు, అంతే. నా లెక్కలో ఆయన అసలైన గీక్. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం వేధశాలను తీసుకుంది, తర్వాత అది బేగంపేటకు మారింది.

అక్కడి నుంచి నర్డ్‌ల కథ. మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చెయ్యాలని పారిస్‌లో 1887లో ఒక ప్రపంచ పథకం మొదలైంది. అందులో ఆకాశంలోని కొంత భాగం నిజామియా వంతుకు వచ్చింది. గాజు పలకల మీద ఫొటోలు తియ్యాలి. ఒక్కో పలక మీద ఒక్కో చుక్క అడ్డంగా ఎంత దూరంలో ఉందో, నిలువుగా ఎంత దూరంలో ఉందో కొలవాలి, రాయాలి. ఆ చుక్క అయ్యాక పక్క చుక్క. ఏళ్ల తరబడి ఇదే పని. చివరికి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు 12 సంపుటాలుగా అచ్చయ్యాయి. ఇందులో నన్ను బాగా ఆకట్టుకునే సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఫొటోలు తీసింది నవాబు మురిసిపోయిన 15 అంగుళాలదానితో కాదు, అంతకంటే చిన్నదైన 8 అంగుళాల టెలిస్కోప్‌తో.

మరి ఏది మేలు? ఏ పనికి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫోన్ కొనాలన్నా, కెమెరా కొనాలన్నా గీక్‌ని అడగండి. గంటలో మార్కెట్ అంతా మీ ముందు పెడతాడు. అర్ధరాత్రి సర్వర్ ఆగిపోయి ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియని టెన్షన్‌లో మాత్రం మీ పక్కన నర్డ్ ఉండాలి. ఉత్సాహం ఒకరి నుంచి ఒకరికి అంటించడంలో గీక్‌కి సాటి లేరు. నర్డ్‌కి తనకు తెలిసింది పక్కవాడికి చెప్పాలన్న తొందర తక్కువ, ఆ లోటు నిజమైనదే. కానీ కొత్త మోడల్ రాగానే గీక్ మనసు అటు మళ్లే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. విసుగొచ్చే రోజును దాటించే శక్తి నర్డ్‌లో ఉంది. ఒక్కటే ఎంచుకోమంటే నేను నర్డ్ వైపే మొగ్గుతాను.

రెండూ ఒక్క మనిషిలో ఉండటమూ చూశాం. అమెరికాలోని కాన్సస్‌లో రైతు బిడ్డ క్లైడ్ టాంబో పాత కారు, పొలం యంత్రాల భాగాలతో సొంతంగా టెలిస్కోప్‌లు చేసుకున్నాడు. గ్రహాల బొమ్మలు గీసి లోవెల్ వేధశాలకు పంపితే 1929లో ఉద్యోగం ఇచ్చారు. అక్కడ ఆకాశంలో ఒకే చోటును వేర్వేరు రాత్రుల్లో తీసిన రెండేసి ఫొటో పలకలను మార్చి మార్చి చూస్తూ, 1930 ఫిబ్రవరి 18న కదిలిన ఒక చుక్కను పట్టుకున్నాడు. అదే ప్లూటో.

మన ఇళ్లల్లో జరిగే పొరపాటు వేరు. ర్యాంకు తెచ్చుకున్న ప్రతి పిల్లాణ్నీ నర్డ్ అనేస్తాం. ఇంటర్ రెండేళ్లు తెల్లవారుజామున లేచి బట్టీ పట్టినవాడు కష్టపడ్డాడు, ఆ కష్టానికి దండం పెడతాను. కానీ పరీక్ష అయిన మర్నాడే ఫిజిక్స్ పుస్తకం అటక ఎక్కిందంటే అతని మనసు ర్యాంకు మీద ఉంది, ఫిజిక్స్ మీద లేదు. పరీక్షలో రాదని తెలిసీ ఆ పాఠం ముందు కూర్చునేవాడు నర్డ్. వాడికి మార్కులు తక్కువ రావచ్చు, చాలాసార్లు వస్తాయి కూడా. అలాంటి పిల్లల్ని 'పనికిరాని పిచ్చి' అని తిట్టినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. టెలిస్కోప్‌ల ధరలు, లెన్సుల కొలతలు చదువుకునే పిల్లను 'టైమ్ వేస్ట్' అని ఫోన్ లాక్కోవడమూ అంతే తప్పు.

మొన్న సంక్రాంతికి ఒక రాత్రి మేనల్లుడు గురుగ్రహం పక్కన మూడు చుక్కలే పెట్టాడు. నాలుగోది గ్రహం వెనక ఉందనుకున్నాడు. వాడి అక్క వచ్చి, "ఉండరా, ఇది పెట్టి చూడు" అని తన డబ్బాలోంచి వేరే ఐపీస్ తీసి బిగించింది. ఒకే చుక్కలా కనిపించింది రెండుగా విడిపోయింది. వాడు ఆ 'మూడు'ని కొట్టేసి, పక్కన టైమ్ వేసి, 'నాలుగు' అని రాసుకున్నాడు.